నలభై రూపాయల సక్కరు చేప

నెల్లూరులో కొత్తగా అక్వేరియం పెట్టుకునేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. షాపుల పేర్లు మాత్రం అడక్కండి. ఇందులో రెండు షాపుల సంగతి ఉంది. ఒకటి తిట్టేది, ఒకటి మెచ్చుకునేది. తిట్టేదాని పేరు రాస్తే రేపు ట్రంకు రోడ్డులో ఎదురుపడినప్పుడు ఇద్దరికీ ఇబ్బంది. మెచ్చేదాని పేరు రాస్తే ‘ఈ ముసలాయనకి కమీషనెంతో’ అంటారు. అందుకని రివ్యూ సరుకుకే రాస్తాను. సరుకు పేరు సక్కర్ ఫిష్, మా మనవడి నోట్లో సక్కరు. కొన్న ధర 40 రూపాయలు. దాని వల్ల అయిన ఖర్చు తర్వాత చెప్తాను.

నేను ఇరిగేషన్లో 31 ఏళ్ళు చేసి వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయినాను. చెరువు కట్టలు, తూములు, కలుజులు (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోట్లు), వాటి మీద తిరిగే లస్కర్లు, ఇదే నా లోకం. చేపల గురించి నాకు తెలిసిందల్లా పులుసులో మామిడికాయ ఎప్పుడు వెయ్యాలనేది. అది కూడా మా ఇంటామె ఒప్పుకోదు.

2023 సంక్రాంతికి మనవడు బెంగుళూరు నుంచి వచ్చాడు. రెండో క్లాసు. వాడికి గోల్డ్‌ఫిష్ కావాలన్నాడు. పండగ మూడు రోజులూ షాపు మూసుంటే కనుమ మర్నాడు తీసుకుపొయ్యాను. రెండడుగుల గాజు తొట్టి, కింద థర్మోకోలు, గాలి పంపు, నీలం రంగు గులకరాళ్ళు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. రెండడుగుల తొట్టంటే మా లెక్కలో 60 ఇంటూ 30 ఇంటూ 30 సెంటీమీటర్లు, నిండా పోస్తే 54 లీటర్లు. బిల్లు కట్టబోతుంటే షాపులో కుర్రాడు ఒక చిన్న కవరు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

“సార్, దీంతోపాటు సక్కరు కూడా ఒకటి ఏసుకోండి. ట్యాంకంతా అదే కడుగుద్ది. మీరు చెయ్యి పెట్టే పనే లేదు.”

“ఎంత పెరుగుద్ది?” అన్నాను.

“ఇంతే సార్. మీ ట్యాంకుకి తగ్గట్టే పెరుగుద్ది.”

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ట్యాంకుకి తగ్గట్టు పెరగటానికి అదేమన్నా దర్జీ కుట్టిన చొక్కానా? కానీ ఆ రోజు నాకా తెలివి లేదు. కవరుకి లోపలివైపు నోరు అతికించుకుని, మచ్చల మచ్చలుగా, బొటనవేలంత చేప. మనవడు ఆ మూతి చూసి “తాతా, జేసీబీ!” అన్నాడు. పేరు ఖాయమైపోయింది.

ఇక చేప సంగతి. మొదటి నెల దానికి వంక పెట్టలేదు. గాజుకి పట్టిన పచ్చటి పాచి అంతా గీకి పారేసింది. పొద్దున లేచి చూస్తే పాచిలో దారులు పడుండేవి, పిల్లలు పలక తుడిచినట్టు. రెండో నెలకి పాచి అయిపోయింది. అక్కడ మొదలైంది అసలు కథ. గాజు శుభ్రం, అడుగు మాత్రం అధ్వాన్నం. గులకరాళ్ళ మీద నల్లటి దారాల్లాగా దాని పెంట. గోల్డ్‌ఫిష్‌లు నాలుగూ కలిసి చేసేదానికంటే ఇదొక్కటి చేసేదే ఎక్కువ. సక్కరు మిగతా చేపల పెంట తిని ట్యాంకు శుభ్రం చేస్తుందని ఎవరన్నా చెప్తే నమ్మకండి. పాచి తింటుంది, మిగిలిపోయిన మేత తింటుంది, కూరగాయ ముక్కేస్తే తింటుంది. తిన్నది యాడికి పోతుంది మరి? వారానికి ఒకసారి నీళ్ళు మార్చేవాణ్ణి, అది వచ్చాక రెండుసార్లు మార్చాను. “కడిగేవాణ్ణి పెట్టుకుంటే వాడి చాకిరీ మనకి పడింది” అని మా ఇంటామె.

కొలతలు రాసిపెట్టడం నాకు ఉద్యోగం నేర్పిన జబ్బు. ఒక నోటుబుక్కుకి ఎం-బుక్కు (మెజర్‌మెంటు బుక్కు) అని పేరు పెట్టి అందులో రాస్తూ వచ్చాను. ఈ చేపని కొలవడం చాలా తేలిక. ముందు అద్దానికి అతుక్కున్నప్పుడు బయటినుంచి స్టీలు టేపు పెడితే సరి. 2023 జనవరిలో 6 సెంటీమీటర్లు. ఏప్రిల్లో 10. ఆగస్టులో 16. డిసెంబరుకి 22. రెండడుగుల తొట్టి వెడల్పు 30 అని పైన చెప్పాను. అది వెనక్కి తిరగాలంటే వొళ్ళు విల్లులాగా వంచాల్సి వచ్చేది. చూడలేక మూడడుగుల తొట్టి కొన్నాను, స్టాండుతో కలిపి 4,200. పెద్ద ఫిల్టరు 950. ఒక చెక్క దుంగ 250. ఈలోపల పోయిన గోల్డ్‌ఫిష్‌లకి బదులు మళ్ళీ నాలుగు, 240. పాడైన వల 60. మొత్తం 5,700. నలభై రూపాయల చేప బాపతు ఇది.

గోల్డ్‌ఫిష్‌లు ఎట్టా పొయ్యాయో చెప్పాలి. ఆ మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఒంటిగంటకి పోతే తెల్లారి నాలుగున్నరకి వచ్చింది. మేం మిద్దె మీద పడుకున్నాం, చూసుకోలేదు. దిగొచ్చి చూస్తే నీళ్ళు 33 డిగ్రీలు, రెండు గోల్డ్‌ఫిష్‌లు తేలిపోయున్నాయి, రెండు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, అవీ దక్కలేదు. జేసీబీ మాత్రం తాపీగా అడుగున ఉంది. నేను చూస్తుండగానే రయ్యిన పైకొచ్చి ఒక గుటక గాలి మింగి మళ్ళీ కిందికి పోయింది. తర్వాత తెలిసింది, ఈ జాతికి కడుపే రెండో ఊపిరితిత్తి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే గాలి మింగి, కడుపు గోడల్లోని రక్తనాళాల గుండా పీల్చుకుంటుంది. ఒళ్ళు తడిగా ఉంటే నీళ్ళ బయట కూడా గంటల కొద్దీ బతుకుతుంది. మన కొరమేను ఒడ్డున పడి బతికినట్టే, కాకపోతే పద్ధతి వేరు.

నిజం చెప్పాలంటే చేపగా దానికి నేను అభిమానిని అయిపొయ్యాను. రాత్రిపూట టార్చి వేసి చూడాలి దాన్ని. పగలు దుంగ వెనకాల మొద్దులాగా పడుంటుంది, లైటు తీశాకే పని మొదలెడుతుంది. కన్ను చూస్తే ఆశ్చర్యం. నల్లగుడ్డు మధ్యకి పైనుంచి ఒక చిన్న తెర వేలాడుతుంది. వెలుతురు పడితే ఆ తెర పెద్దదై కిందికి దిగుతుంది, చీకటైతే పైకి ముడుచుకుంటుంది. మన షాపులకి షట్టర్లున్నట్టు దాని కంటికొక షట్టరు. టార్చి వేస్తూ తీస్తూ ఒక అరగంట అదే చూశాను ఒక రోజు. “రిటైరయిన మొగుడుంటే ఇట్టానే ఉంటది” అని లోపలి గదిలోంచి గొణుగుడు.

ఇంకొకటి నోరు. అద్దానికి అతుక్కున్నప్పుడు చూస్తే పెదాలు రెండూ కలిసి గుండ్రటి గిన్నెలాగా, లోపల సన్నటి పళ్ళు బ్రష్షు కుచ్చులాగా. నాకొచ్చిన సందేహం ఏమిటంటే, నోరు అతికించేసుకుంటే ఊపిరెట్టా తీస్తుంది? చేపంటే నోట్లోంచి నీళ్ళు తీసుకుని మొప్పల్లోంచి వదలాలి గదా. ఇది మూతి పక్కన మీసం మొదట్లో ఉండే చిన్న సందులోంచి నీళ్ళు లోపలికి లాక్కుంటుంది. లోపల పలుచటి కవాటం ఒకటి ఉండి, పట్టు వదలకుండానే ఊపిరి సాగిస్తుంది. గీకడం, పట్టుకోవడం, ఊపిరి తీయడం మూడూ ఒకేసారి. తూముకి ఇట్టాంటి కవాటం పెట్టగలిగితే నా సర్వీసంతా కారకుండా ఉండేది.

వొళ్ళంతా పొలుసులు కావు, ఎముక పలకలు. వరసలు వరసలుగా పెంకు కప్పినట్టు. చెయ్యి వేస్తే గరుకు కాగితం. రొమ్ము పక్క రెక్కల్లో ముందు పుల్ల ముల్లులాగా గట్టిగా ఉండి, భయం వేస్తే విప్పి బిగించేస్తుంది. మూడడుగుల తొట్టిలోకి మార్చేటప్పుడు వలతో పట్టబోతే ముళ్ళు వలలో చిక్కి అటూ రాదు ఇటూ పోదు. చివరికి కత్తెరతో వల కోసి తీశాను. పైన రాసిన 60 రూపాయలు అవే. వల వద్దు, ప్లాస్టిక్ డబ్బా ముంచి పట్టండి.

వెన్ను మీది రెక్క చాపితే పడవ తెరచాపే. అందులో పుల్లలు పదికి పైగా ఉంటే మన షాపుల్లో దొరికే రకం, టెరిగోప్లిక్తిస్ అంటారు. నేను లెక్కపెడితే 12 వచ్చాయి. ఏడే ఉంటే వేరే రకం. పుట్టిల్లు అమెజాన్ వైపు, నెమ్మదిగా పారే మైదానపు నదులు, వరద ముంపు నేలలు. అది పెరిగేది అడుగున్నర దాకా. అడుగున్నర చేపని “ఇంతే సార్” అని అమ్మాడు ఆ కుర్రాడు.

ఇప్పుడు తగువు సంగతి. 2024 జూన్‌కి ఎం-బుక్కులో 28 సెంటీమీటర్లు. దానికి మేత చాలక రాత్రిళ్ళు గోల్డ్‌ఫిష్‌ల పక్కలకి అతుక్కుని జిగురు గీకడం మొదలెట్టింది. సొరకాయ ముక్కలు, దోసకాయ ముక్కలు ఉడకేసి రాయి కట్టి వేస్తే కొంత ఆగింది. అయినా ఒక చేపకి పక్కన ఎర్రగా పుండు పడింది. ఇక లాభం లేదని కొన్న షాపుకే పొయ్యాను. డబ్బులొద్దు, ఊరికే తీసుకోండి అన్నాను. ఆ రోజు ఓనరే ఉన్నాడు. బకెట్టులోకి చూసి నవ్వాడు.

“ఇంత పెద్దది మేమేం చేసుకుంటాం సార్? అందరూ తెస్తారు. పెన్నాలో వదిలెయ్యండి. లేదంటే మీ ఇంటి దగ్గర చెరువేదన్నా ఉంటే అందులో వెయ్యండి. పుణ్యం కూడా.”

పుణ్యం! నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే అప్పటికి నేను దీని గురించి కాస్త తెలుసుకుని ఉన్నాను, ముఖ్యంగా ఇది పిల్లలు పెట్టే పద్ధతి. మగ చేప బంకమన్ను గట్టులో, నీటి మట్టానికి కింద, బొరియ తవ్వుతుంది. మూడు నాలుగడుగుల లోతు తవ్వినవి కూడా ఉంటాయి. ఆడది అందులో వందల్లో గుడ్లు పెట్టి పోతే మగది కాపలా కాస్తుంది. నీళ్ళు తగ్గినప్పుడు ఆ బొరియలన్నీ గట్టు మీద తేనెపట్టులాగా బయటపడతాయి. మెక్సికోలో, ఫ్లోరిడాలో ఇట్టానే గట్లు కోసుకుపోతున్నాయి. మెక్సికోలో ఇన్ఫియెర్నియో అనే రిజర్వాయరు తిలాపియా చేపల పట్టుకి పేరుపడ్డది. అక్కడ వలేస్తే తిలాపియా కంటే ఇవే ఎక్కువ పడే రోజులొచ్చాయి. జాలర్ల బతుకు తెల్లారిపోయింది.

చెరువు కట్ట మీద బతికినవాడికి బొరియ అనే మాట వింటే గుండె ఆగుతుంది. ఎండ్రకాయ చేసే చిన్న కన్నం, పందికొక్కు తవ్విన సొరంగం, అక్కడినుంచే నీళ్ళు ఊరడం మొదలెడతాయి. మొదట కట్ట వెనకాల తేమ, తర్వాత సన్నటి ధార, ఆ ధారలో మన్ను కొట్టుకొస్తే అది బుంగ. బుంగ పడ్డాక గంటలే టైము. నవంబరు వానల్లో, చెరువు కలుజు పారుతుంటే, అర్ధరాత్రి ఇసక బస్తాలు మోయించిన రోజులు ఎన్నో. కలుజు పారేటప్పుడు వదిలిన చేప అదే చెరువులో ఉంటుందా? కింది చెరువుకి, అక్కడినుంచి ఇంకో చెరువుకి. మన నెల్లూరు జిల్లాలో చెరువులన్నీ గొలుసే గదా.

ఇవన్నీ ఆ ఓనరుకి చెప్పాను. “మీరు బో చెప్తారు సార్” అన్నాడు. బకెట్టు తీసుకుని వచ్చేశాను.

ఇది ఊహ కాదనడానికి ఒకటి చెప్తాను. రిటైరయ్యే ముందు ఏడాది సంగం వైపు ఒక చెరువు కట్ట మీద పొద్దున్నే పోతుంటే వలోళ్ళు వల దులుపుతున్నారు. వల నిండా జెల్లలు, బొచ్చెలు పడ్డాయేమో అనుకున్నాను. చూస్తే నల్లగా, పెంకులు పెంకులుగా ఏవో పది పదిహేను చేపలు. అందులో పెద్దాయన వాటిని వల దారాలు తెంపి తెంపి తీసి కట్ట మీదికి విసురుతున్నాడు. “దయ్యం చేపలు సార్. తినేదానికి రావు, అమ్మేదానికి రావు, వల మాత్రం తినేస్తాయి” అన్నాడు. గంట తర్వాత నేను తిరిగొస్తుంటే కట్ట మీద ఇంకా కదులుతున్నాయి. ఆ రోజు అవేంటో నాకు తెలీదు. నాలుగేళ్ళ తర్వాత మా హాల్లో అద్దానికి అతుక్కుని కనపడ్డాక గానీ తెలిసిరాలేదు. 2025లో హైదరాబాదు సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ళు తూర్పు కనుమల చెరువుల్లో, వాగుల్లో నీళ్ళు పట్టి, ఆ నీళ్ళలోని డీఎన్ఏ బట్టి ఈ చేప ఎక్కడెక్కడ చేరిందో కనిపెట్టే పద్ధతి తయారు చేశారు. అక్కడిదాకా వచ్చింది వ్యవహారం. ఇందులో ఒక్కటి కూడా అమెజాన్ నుంచి ఈదుకుంటూ రాలేదు. అన్నీ మన హాళ్ళలోంచి, మన బకెట్లలోంచి పోయినవే.

అన్నట్టు, తినడానికి రాదన్న మాట పూర్తిగా నిజం కాదు. బ్రెజిల్లో మనౌస్ చుట్టుపక్కల దీన్ని పెంకుతోనే నిప్పుల మీద కాల్చి తింటారు. ఈ మాట మా ఇంటామెతో అంటే, “పులుసుకి కొరమేను తెమ్మంటే తేరు గానీ, దీన్నెట్టా తోమేది, సుత్తెతోనా?” అంది.

ఇక మెచ్చుకునే షాపు. బకెట్టుతో తిరిగి ఇంటికి పోతూ, ఎవరో చెప్తే ఒక సందులోకి పొయ్యాను. బోర్డు సగం ఊడిపోయుంది. లోపల చీకటి, ఉక్క, బూజు వాసన. ఫ్యాను తిరుగుతుందో లేదో తెలీదు. ఓనరుకి నలభై ఉంటాయి. ముందు రొయ్యల హేచరీలో టెక్నీషియనుగా చేశాడట, అది వదిలేసి ఇది పెట్టుకున్నాడు. నేను నోరు తెరవకముందే బకెట్టులోకి చూసి, “ఎన్నడుగుల తొట్టి సార్?” అన్నాడు. మూడడుగులు అన్నాను. “దీనికి ఆరడుగులు కావాల. ఇయ్యండి, నేను పెట్టుకుంటాను” అని తీసుకున్నాడు. డబ్బులు నేను అడగలేదు, ఆయనా ఇవ్వలేదు. గోడ వారగా ఆరడుగుల తొట్టి ఒకటుంది, అందులో ఇట్టాంటివే ఇంకో మూడున్నాయి. అందరూ వదిలేసినవే. “ఇది నా అనాథాశ్రమం సార్” అన్నాడు. ఆ తొట్టిలోవి అమ్మడు. చిన్న సక్కర్లు అసలు తెప్పించనే తెప్పించడు. చెన్నైలో రంగు చేపల బజారు కొళత్తూరు నుంచి సరుకు వచ్చినప్పుడు కవర్లలో కలిసొస్తే వాపసు పంపేస్తాడు.

మరి పాచికి ఏం వేసుకోవాలి అన్నాను. ఆయన ఒక చిన్న తొట్టి చూపించాడు. అందులో జేసీబీ దాయాదులు, కానీ వేలెడంత. బ్రిసిల్‌నోస్ అంటారు. మగవాటికి ముక్కు మీద మెత్తటి కొమ్మల్లాంటి మీసాలు, ఎండిన చింత కొమ్మ అతికించినట్టు. ఎంత పెరిగినా 12, 13 సెంటీమీటర్లు. ఈసారి నేను “నిజంగానా?” అని అడగకముందే ఆయనే పెద్దదాన్ని పట్టి టేపు పెట్టి చూపించాడు. ఇదీ కావాల్సింది నాకు. మనం అడిగేది ఒకటే ప్రశ్న, ఎంత పెరుగుద్దని. దానికి టేపుతో జవాబు చెప్పేవాడే షాపువాడు.

ఒకటి 180 రూపాయలు. సక్కరు కంటే నాలుగున్నర రెట్లు. నాకూ గిట్టలేదు, బేరమాడాను, పది కూడా తగ్గించలేదు. రెండు కొన్నాను. ఆయన పద్ధతిలో కొన్ని తలనొప్పులున్నాయి, అవీ చెప్పాలి. చేప ఇచ్చే ముందు మన ట్యాంకు ఫోటో అడుగుతాడు. ఫిల్టరు పెట్టి ఎన్ని వారాలైందని అడుగుతాడు. మా వీధి బోరు నీళ్ళు ఉప్పన, సీసాలో పట్టి తెమ్మన్నాడు, తెస్తే నీళ్ళలో ఉప్పెంతుందో చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూసి, ఈ రకానికి పర్వాలేదులే అని అప్పుడు ఇచ్చాడు. మొత్తం మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. పెళ్ళి సంబంధానికి కూడా ఇన్ని ప్రశ్నలడగరు. ప్యాకింగు కూడా అంతంతమాత్రమే. రబ్బరు బ్యాండు వదులై స్కూటరు డిక్కీ అంతా తడిసింది. ఆక్సిజన్ సిలిండరు ఉంది గానీ సగం రోజులు ఖాళీ.

అదే రోజు ఫోనులో ఒక ఫోటో చూపించాడు. తెలుపు నలుపు చారలు, సైకిలు టైరు గుర్తులు పడ్డట్టు. జీబ్రా ప్లెకో. ఈ సక్కరు కుటుంబంలో 1000కి పైగా జాతులున్నాయి, కొత్తవి దొరుకుతూనే ఉన్నాయి. పేరు పెట్టేలోపల వ్యాపారానికి వచ్చేస్తుంటే జర్మనీలో డాట్జ్ అనే అక్వేరియం పత్రిక 1988 నుంచి ‘ఎల్’ అని నంబర్లు ఇవ్వడం మొదలెట్టింది. జీబ్రాది 46. 1991లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టారు. అది ఒక్క చోటే ఉంటుంది, బ్రెజిల్లో షింగూ నది, ఆ నది పెద్ద వంపు తిరిగి బండల మీద ఉరికే చోట. ఈ నోరు ఎందుకుందో అప్పుడు అర్థమైంది నాకు. మా హాల్లో అద్దాలు తుడవడానికి కాదు అది. మనిషి నిలబడలేని వడిలో బండని కరుచుకుని, కొట్టుకుపోకుండా, అక్కడే తిని, అక్కడే ఊపిరి తీసి, బండ సందులో గుడ్లు పెట్టి బతకడానికి.

ఆ వంపుకి ఎగువనే బెలో మాంటె డ్యామ్ కట్టారు. 11,233 మెగావాట్లు, 2016లో మొదలై 2019కి పూర్తయింది. నీళ్ళని కాలవలోకి మళ్ళించి టర్బైన్లకి పంపుతారు, వంపులో ఉరకాల్సిన నీళ్ళు తగ్గిపోతాయి. ఇది నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పెన్న మీద మన సోమశిల డ్యామే 78 టీఎంసీలు. ఆ పనులకి కొలతలు రాసిన చేతులే నావి, రైతుకి నీళ్ళు కావాలి, అందులో మాటే లేదు. కానీ ఎండాకాలంలో నెల్లూరు బ్రిడ్జి మీద నిలబడి పెన్నలో ఇసక చూసినవాడికి, నీళ్ళు మళ్ళిస్తే కింద ఏమవుద్దో తెలుసు. మేం ఎప్పుడూ క్యూసెక్కులే లెక్కపెట్టాం. బండని పట్టుకుని ఎవరన్నా ఉన్నారా అని వంగి చూడలేదు. జీబ్రాని బయటికి పంపడం బ్రెజిల్ నిషేధించింది, 2022లో అడవి జంతువుల, మొక్కల వ్యాపారానికి హద్దులు పెట్టే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో జాబితాలో కూడా చేర్చారు. “ఎవరన్నా నదిలోది తెప్పిస్తాను, అడ్వాన్సు ఇవ్వండి అంటే లేచొచ్చెయ్యండి సార్” అన్నాడు ఓనరు. మనకా స్తోమతు లేదులే అన్నాను.

బ్రిసిల్‌నోస్‌లు వచ్చి ఏడాది దాటింది. పగిలిన పీవీసీ పైపు ముక్క వేస్తే అందులో కాపురం పెట్టాయి. పోయిన శ్రావణంలో పైపులో నారింజ రంగు గుడ్లు, సగ్గుబియ్యం ఉడికినట్టు ఒక ముద్ద. మగది వాకిట్లో కూర్చుని తోకతో విసురుతూ తిండి మానేసి కాపలా కాసింది. ఆడది ఎటో పోయింది. నలభై దాకా పిల్లలు దక్కాయి. వాటిని షాపాయనకిస్తే ఒక్కోదానికి 30 లెక్కన మేత డబ్బాలో సర్దుబాటు చేశాడు. పాచి విషయంలో జేసీబీ అంత గట్టి పనివాళ్ళు కావివి, వెనకద్దం నేనే తుడుచుకుంటున్నాను. పెంట మాత్రం నాలుగో వంతు.

నా మార్కులు. చేపగా సక్కరుకి ఐదుకి నాలుగున్నర. రెండడుగుల తొట్టికి క్లీనరుగా సున్నా, అట్టా అని అమ్మినవాడికి అంతకంటే తక్కువ ఉంటే అది. బ్రిసిల్‌నోస్‌కి నాలుగు. సందులో షాపుకి మూడున్నర, ఆక్సిజన్ సిలిండరు నింపి పెట్టుకుంటే ఇంకో అర ఇస్తాను. ఇప్పటికే మీ ఇంట్లో పెద్ద సక్కరుంటే, తీసుకునేవాడు దొరికేదాకా ఉంచుకోండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకివ్వండి. పెన్నా, స్వర్ణాల చెరువు, కాలవ, ఏదీ వద్దు.

ఇట్టాంటి సందు షాపుకి ఎవరన్నా పోతే మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పోవద్దు, మూసుంటాయి. స్కూటరు సందు మొదట్లోనే ఆపుకోండి, లోపల తిరగదు. మూత గట్టిగా పట్టే బకెట్టు మీరే తీసుకెళ్ళండి. మొన్న మేతకి పోయినప్పుడు ఆరడుగుల తొట్టిలో జేసీబీ ముందద్దానికే అతుక్కుని ఉంది. జేబులో టేపు ఎటూ ఉంటుంది. 36 సెంటీమీటర్లు. ఎం-బుక్కులో రాసుకున్నాను.